ఘాట్ ఎక్కేటప్పుడు రెండో బ్యాటరీ నిండదు: రిలే చాలా, డీసీ-డీసీ చార్జర్ తప్పదా?

రాయగడ సభ్యుడు:
కుటుంబంతో తిరగడానికి, రాత్రిళ్లు బండిలోనే పడుకోవడానికి వీలుగా బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) వ్యాన్‌ను మార్పించుకున్నాము. ఫ్రిజ్, ఫ్యాన్ల కోసం వెనక 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టి, దాన్ని వోల్టేజీ రిలే (వోల్టేజీ పెరిగితే రెండు బ్యాటరీలను కలిపి, తగ్గితే విడదీసే స్విచ్చు) ద్వారా ఇంజిన్ బ్యాటరీతో కలిపారు. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా సిమిలిగుడ చేరేసరికి ఆ బ్యాటరీ బయలుదేరినప్పటిలాగే ఉంటోంది. తిరిగి దిగేటప్పుడు మాత్రం చార్జింగ్ బాగా ఎక్కుతోంది. మెకానిక్ రిలే మార్చమంటున్నారు, కొందరు డీసీ-డీసీ చార్జర్ (బండి వోల్టేజీని వెనక బ్యాటరీకి కావలసినంతకు మార్చి ఇచ్చే పెట్టె) కొనమంటున్నారు. అంత ఖర్చు అవసరమా?

కొరాపుట్ సభ్యుడు:
అవసరం లేదు, ముందు తీగ చూడండి. మన వైపు షెడ్లలో ఇంటి వైరింగుకు వాడే 6 స్క్వేర్ ఎంఎం తీగనే బండికీ లాగేస్తారు. రానూపోనూ కలిపి 10 మీటర్లు ఉంటే, 30 ఆంపియర్లు పారేటప్పుడు దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 16 స్క్వేర్ వేస్తే ఆ నష్టంలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. బాడీకి ఎర్త్ బిగించిన చోట పెయింటు గీకారో లేదో కూడా చూడండి. గీకకపోతే అక్కడి లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) చేతికి వేడిగా తగులుతుంది.

పర్లాకిమిడి సభ్యుడు:
లెక్క సరైనదే కాని, తీగే కారణమైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నష్టం ఒకేలా ఉండాలి కదా? 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి, అన్నింటికీ కాకపోయినా, ఆల్టర్నేటర్‌ను (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) ఇంజిన్ కంప్యూటరే అదుపు చేస్తుంది. ఇంజిన్ మీద భారం పడ్డప్పుడు ఇంధనం ఆదా చేయడానికి వోల్టేజీని 12.5 దరిదాపులకు దించి, యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు 14 పైకి లేపుతుంది. ఈ రకం రిలేలు సాధారణంగా 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోతాయి కనుక, ఎక్కినంతసేపూ మీ రెండు బ్యాటరీలకు సంబంధం తెగిపోయే ఉంటుంది. రిలే తన పని తాను చేస్తోంది. కొత్తది వేసినా ఇదే కథ. డీసీ-డీసీ చార్జర్ అయితే 12.5ను 14.4కు పెంచి ఇస్తుంది. పైగా లిథియం ఎంత దొరికితే అంత లాగేసుకుంటుంది కాబట్టి, బండి నిలిచి ఆల్టర్నేటర్ ఫ్యాను నెమ్మదిగా తిరిగే సమయంలో ఆ ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోకుండా ఆంపియర్లకు హద్దు కూడా పెడుతుంది.

కొరాపుట్ సభ్యుడు:
లిథియం విషయంలో ఒప్పుకుంటాను. పాత బీఎస్-4 బండిలో ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకున్నవారికి కూడా ఇదే సలహా ఇచ్చి డబ్బు ఖర్చు పెట్టించడమే నాకు నచ్చదు. అయినా చార్జర్ కొన్నంత మాత్రాన తీగ బాధ తప్పదు: 14.4 వోల్టుల వద్ద 30 ఆంపియర్లు ఇవ్వాలంటే అది తనలో పోయే నష్టం కూడా కలుపుకుని 12.5 వైపు నుంచి సుమారు 38 ఆంపియర్లు లాగుతుంది.

రాయగడ సభ్యుడు:
పొట్టంగి వైపు ఎక్కుతూ, పక్కన కూర్చున్న తమ్ముడి చేత మీటరు పెట్టించి చూశాను. ఇంజిన్ బ్యాటరీ మీద 12.6, రిలే అవతల 13.1 ఉన్నాయి. దిగేటప్పుడు రిలేకు రెండు వైపులా 14 దాటింది గాని, వెనక బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.5 మాత్రమే వచ్చింది. అంటే మీరిద్దరూ చెప్పిన లోపాలు రెండూ ఉన్నట్టే. 16 స్క్వేర్ తీగకు రెండు చివరలా ఫ్యూజులు పెట్టి చార్జర్ వేయించుకుంటాను. దాన్ని ఆన్ చేసే వైరు ఎక్కడ కలపాలి?

పర్లాకిమిడి సభ్యుడు:
ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కరెంటు వచ్చే తీగకు కలపమనండి. వోల్టేజీ చూసి ఆన్ అయ్యే సెట్టింగులో వదిలేస్తే ఘాట్ ఎక్కేటప్పుడు అది కూడా మీ రిలేలాగే ఆగిపోతుంది.