అప్‌డేట్: ఆరు చేతుల నక్షత్రం ఏ జాతో తేలింది

బంగాళాఖాతం డ్రిల్ కోర్ మట్టిలో, ఇక్కడ వైజాగ్‌లో మా స్లైడ్ మీద కనిపించిన ఆరు చేతుల శిలాజం ఏంటి, ఎంత పాతది అని అడిగాను కదా. అది డిస్కోయాస్టర్ బ్రౌవెరి, అంటే అంతరించిపోయిన ఒక సూక్ష్మ సముద్రపు నాచు శిలాజం. మీరు చెప్పినట్టే ఫోకస్ మెల్లగా తిప్పి చూస్తే చేతులు గొడుగు ఊచల్లా వంగి ఉన్నాయి, కొసలు చీలలేదు. మైక్రోస్కోప్‌కి క్రాస్డ్ పోలరైజర్లు (ఒకదానికొకటి అడ్డంగా ఉండే కాంతి ఫిల్టర్లు) పెట్టగానే అది మాయం, పక్కనున్న కోకోలిత్‌లు (సూక్ష్మ నాచుల సున్నపు పలకలు) మాత్రం మెరుస్తూనే ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో!

వయసు దగ్గరే టెన్షన్. ఈ జాతి దాదాపు 19.3 లక్షల ఏళ్ల కిందట అంతరించింది కానీ అంతకుముందు చాలాకాలం బతికింది, ఇదొక్కటే చాలదు. సుమారు 23.9 లక్షల ఏళ్ల కిందటే పోయిన ఐదు చేతుల బంధువు డిస్కోయాస్టర్ పెంటారేడియాటస్ స్లైడంతా వెతికినా లేదు. అంటే ఈ మట్టి ఎన్ఎన్18 జోన్‌ది, అంటే ఆ రెండు జాతుల అంతరింపుల మధ్య కాలంది కావచ్చు. ఈ శిలాజం పాత పొరల నుంచి కొట్టుకొచ్చిందేమో తేల్చడానికి పై, కింది శాంపిళ్లు చూస్తున్నాను.