అప్‌డేట్: హుండీ లెక్కింపులో విలువవారీ పట్టిక

మా ఊరి గుడి హుండీని రెండు బల్లల మీద లెక్కించినప్పుడు మొత్తాలు ఎందుకు కలవడం లేదని, పట్టిక ఎలా వేసుకోవాలని ఇక్కడ అడిగాను. మీరు సూచించినట్లే ఈసారి విలువ, సంఖ్య, మొత్తం అనే మూడు గడులతో 500 నుంచి 10 వరకు నోట్లకు, 20 నుంచి 1 వరకు నాణేలకు విడివిడిగా పట్టికలు వేశాము. 50 పైసలు ఇప్పటికీ చెల్లుతాయి కనుక దానికీ ఒక వరుస ఉంచాము.

తేడా ఎక్కడ వస్తున్నదో వెంటనే బయటపడింది. 10, 20 రూపాయల నాణేలు రెండూ 27 మిల్లీమీటర్ల వ్యాసంతో, రెండు రంగుల లోహంతో ఉండడం వల్ల దొంతరలో కలిసిపోతున్నాయి. కలిసిన ప్రతి నాణేనికీ లెక్క పది రూపాయలు తప్పుతుంది. పదికి అంచు పసుపు, మధ్య భాగం తెలుపు. ఇరవైకి అంచు తెలుపు, మధ్య భాగం పసుపు, పైగా దానికి 12 భుజాలు. ఈ గుర్తు చెప్పి వేరు చేయించాక రెండు బల్లల లెక్కలూ సరిపోయాయి. నా అభిప్రాయంలో లెక్కింపు కన్నా ఈ వేరు చేయడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

నోట్లను నూరేసి చొప్పున కట్టలు కట్టి, పిన్నులు కొట్టకుండా కాగితపు పట్టీ చుట్టి, లెక్కించినవారి సంతకం పెట్టించాము. 2023 మే 19న ఉపసంహరణ ప్రకటించినా 2000 నోటు చట్టబద్ధంగా చెల్లుతుంది కాబట్టి, దొరికిన వాటిని వేరే వరుసలో రాశాము. వాటిని తపాలా ద్వారా హైదరాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికి పంపి, గుడి ఖాతాలో జమ చేయించాలని కమిటీ నిర్ణయించింది.