లింకన్ రిపబ్లికన్ కదా, మరి నల్లజాతి ఓటర్లు డెమొక్రాట్ల వైపు ఎప్పుడు వెళ్లారు?

నైట్‌షిఫ్ట్ నల్గొండ:
గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేస్తాను. అమెరికావాళ్ల ఇంటి లోన్ల ఫైళ్లు చూడటం పని. అట్లాంటా నుంచి కాల్‌లోకి వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు. నల్లజాతి ఆవిడ, ఇంకో ఏడాదిలో రిటైర్ అవుతారు. మొన్న సిస్టమ్ డౌన్ అయి ఇద్దరం ఖాళీగా ఉంటే మాటల్లో అన్నారు: "మా తాత నేను పుట్టకముందే పోయాడు, పోయేదాకా రిపబ్లికనే. మా అమ్మ కెనడీ ఎలక్షన్ నుంచీ డెమొక్రాట్." ఎందుకని అడిగితే ఆ మాత్రం తెలియదా అనుకుంటారని టెన్షన్, ఊఁ కొట్టి ఊరుకున్నాను. నాకు గుర్తున్నదల్లా లింకన్ రిపబ్లికన్, బానిసత్వం పోగొట్టాడు అని. ఇప్పుడేమో దక్షిణాది తెల్లవాళ్లలో ఎక్కువమంది ఆ పార్టీ, నల్లవాళ్లలో ఎక్కువమంది డెమొక్రాట్లు. ఎప్పుడు తారుమారైంది? ఒక్క సంవత్సరం చెప్పండి చాలు, మళ్లీ కాల్‌లో కలిస్తే పరువు నిలబడుతుంది.

సైనిక్‌పురి వాసి:
1964. జాతి వివక్షను నిషేధించిన సివిల్ రైట్స్ చట్టం మీద డెమొక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు, దక్షిణాది నాయకులంతా కండువాలు మార్చుకున్నారు. మన దగ్గర చూడట్లేదా? అంతే కథ.

విద్యానగర్ లెక్చరర్ (రిటైర్డ్):
కండువాల పోలిక వినడానికి బాగుంది, ఇక్కడ మాత్రం అతకదు. సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆ ఏడే పార్టీ మారాడు, నిజమే. కానీ ఆయన దారి పట్టిన పెద్ద నాయకులు కొద్దిమందే. మారింది ఓటర్లు, అదీ నిదానంగా. పైగా ఆ చట్టానికి ప్రతినిధుల సభలో డెమొక్రాట్ల కంటే రిపబ్లికన్లే ఎక్కువ శాతం మద్దతిచ్చారు. అడ్డం పడింది దక్షిణాది డెమొక్రాట్లు. అందుకే ఒక్క సంవత్సరం అడగకు బాబూ.

ముందు ఆ తాతగారి సంగతి చూడు. 1870లో 15వ సవరణ వచ్చింది. జాతి, రంగు చూసి ఓటు కాదనకూడదు. అదే ఏడు మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో కూర్చున్నాడు, తొలి నల్లజాతి సెనేటర్, రిపబ్లికన్. 1877లో దక్షిణాదిలో కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. అక్కడి రాష్ట్రాలు డెమొక్రాట్ల చేతికి పోయాయి. సవరణ కాగితం మీద అలాగే ఉంది, ఓటు మాత్రం పోయింది. లూసియానాలో 1896లో 1,30,000 మందికి పైగా నల్లజాతి ఓటర్లు ఉంటే 1900 నాటికి మిగిలింది 5,320 మంది.

మీ పెద్దావిడ అట్లాంటా ఉన్న జార్జియాలో వాడిన ఆయుధం ఓటు పన్ను. ఏడాదికి డాలరే. కానీ కట్టని ఏళ్ల బకాయి పేరుకుపోయేది, మొత్తం తీరిస్తేనే ఓటు. మన నల్లా బిల్లు పాత బాకీలాగా. పత్తి చేను పాలుకు చేసేవాడి చేతిలో నగదు ఎప్పుడాడుతుంది? పంట వచ్చేసరికి దొర లెక్కలోనే సరిపోయేది. ఈ పన్ను 1945 దాకా ఉంది. తంటాలు పడి కట్టినవాళ్లకూ డెమొక్రాట్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ప్రవేశం లేదు, అది తెల్లవాళ్లకే. అక్కడ ప్రైమరీ గెలిచినవాడే అసలు ఎన్నికా గెలిచినట్టు. 1944లో టెక్సస్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేశాక, జార్జియాలో తలుపు తెరుచుకోవడానికి 1946 అయింది. అన్నేళ్లు గడప తొక్కనివ్వని పార్టీకి ఆయన ఎందుకు వెళ్తాడు?

ఉత్తరాదికి వలస వెళ్లి ఓటు దక్కించుకున్నవాళ్లు మాత్రం ముందే మారారు. 1936లో నల్లజాతి ఓట్లలో దాదాపు 71 శాతం డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే పడ్డాయి. మాంద్యంలో పని చూపించాడని. (ఆయన తెచ్చిన 1935 సోషల్ సెక్యూరిటీ పింఛనులో పొలం కూలీలకూ ఇంటి పనివాళ్లకూ చోటు లేదు. నల్లవాళ్లు ఎక్కువగా చేసినవి ఆ పనులే. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.)

మల్కాజ్‌గిరి తాతయ్య:
మా అబ్బాయి ఆల్ఫారెట్టాలో ఉంటాడు, అట్లాంటా పక్కనే. పోయినసారి ఆరు నెలలున్నాను. మనవడితో ఆబర్న్ అవెన్యూలో ఎబెనీజర్ చర్చి చూశాను, మార్టిన్ లూథర్ కింగ్ వాళ్ల నాన్న పాస్టర్‌గా ఉన్న చర్చి. 1960 అక్టోబర్‌లో కొడుకు అట్లాంటాలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ధర్నాకు కూర్చుని అరెస్టయ్యాడు. పాత ట్రాఫిక్ కేసు తిరగదోడి జైలుకు పంపారు. కెనడీ కింగ్ భార్యకు ఫోన్ చేసి పలకరించాడు, తమ్ముడు రాబర్ట్ జడ్జితో మాట్లాడాడు. అప్పటిదాకా రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ అంటున్న పెద్ద కింగ్ నా ఓటు కెనడీకే అని చెప్పేశాడు. మీ పెద్దావిడ వాళ్లమ్మ మారింది ఆ ఎలక్షన్‌లోనే కదా!

సైనిక్‌పురి వాసి:
సరే, తొందరపడ్డాను. మరి తెల్లవాళ్లు?

విద్యానగర్ లెక్చరర్ (రిటైర్డ్):
1964 అధ్యక్ష ఎన్నికల్లో జాన్సన్ మీద నిలబడ్డ గోల్డ్‌వాటర్ సొంత రాష్ట్రం అరిజోనా కాక గెలిచినవి అయిదే, అన్నీ దక్షిణాదివే. ఆయన సివిల్ రైట్స్ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్. 1965 ఓటు హక్కు చట్టంతో నల్లవాళ్లు డెమొక్రాట్ ప్రైమరీలోకి పెద్ద ఎత్తున వచ్చారు, తెల్లవాళ్లు ఒక్కొక్కరే బయటికి నడిచారు. అయినా 1976లో జార్జియావాడే అయిన కార్టర్ డెమొక్రాట్‌గా దాదాపు దక్షిణాదంతా గెలిచాడు. దక్షిణాది ప్రతినిధుల సభ సీట్లలో రిపబ్లికన్లకు మెజారిటీ వచ్చేసరికి 1994.

నైట్‌షిఫ్ట్ నల్గొండ:
మేడమ్, రాత్రి ధైర్యం చేసి ఓటు పన్ను సంగతి అడిగాను. ఆవిడ ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తాత రసీదులు వాళ్లమ్మ దగ్గర ఒక రేకు డబ్బాలో ఉన్నాయట, ఓటేయని ఏళ్లవి కూడా. వచ్చే వారం కెమెరాలో చూపిస్తానన్నారు. ఇంతలో కాల్ రికార్డ్ అవుతోందని టీమ్ లీడ్ మెసేజ్ పెట్టాడు, మళ్లీ ఫైళ్లలో పడ్డాం.