పీసీవీ, ఐడిల్ వాల్వ్ తీసేయమంటున్నారు, తీయించొచ్చా?

మాది శ్రీకాకుళం. ఇంట్లో 2004 మోడల్ పెట్రోల్ కారు ఉంది, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. డే అండ్ నైట్ జంక్షన్‌లో ఆగితే చాలు, ఐడిల్ (బండి కదలనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పైకీ కిందకీ ఊగుతుంది. ఏసీ వేస్తే ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతోంది, వెనక హారన్లు, టెన్షన్. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాను. ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికొచ్చే బ్రీదర్ గొట్టాలు మాత్రం ఎండిపోయి పగుళ్లిచ్చాయి.

మెకానిక్ గారు అంతా సింపుల్ చేసేద్దాం అంటున్నారు. పీసీవీ వాల్వ్ (ఆ గ్యాస్‌ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) తీసేసి, మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి వెళ్లే దారి) వైపు రంధ్రానికి బిరడా కొట్టి, బ్రీదర్ గొట్టాన్ని గాలిలోకి వదిలేయడం. ఐడిల్ వాల్వ్ దారి కూడా మూసేసి, థ్రాటిల్ స్క్రూతో ఐడిల్ పెట్టేయడం. ఆయన చెయ్యి మంచిదే, కానీ ఈ మాటే మింగుడు పడటం లేదు.

పిస్టన్ రింగుల పక్కనుంచి కిందకి దిగే గ్యాస్‌ని, ఆవిరిని లాగేసేది ఆ పీసీవీయే కదా. ఆ లాగే వాక్యూమ్ లేకపోతే ఆయిల్ త్వరగా చెడిపోదా? పొల్యూషన్ చెక్ సంగతి అటుంచండి, ఆ వాసన క్యాబిన్‌లోకి వస్తే మా అమ్మ కారెక్కదు. ఇక ఏసీ లోడ్ పడినప్పుడు ఐడిల్ పెంచేది ఆ ఐడిల్ వాల్వే. స్క్రూ ఆ పని ఎలా చేస్తుంది?

పగిలిన గొట్టాల్లోంచి దొంగగాలి ఇంజిన్‌లోకి పోవడం వల్లే ఇదంతా అని నా అనుమానం. గొట్టాలు, పీసీవీ కొత్తవి వేస్తే సరిపోతుందా? ఇలా తీయించి ఏసీతో నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. విజయనగరంలో ఆ గొట్టాలు దొరికే షాపు తెలిసినా చెప్పండి, వెళ్లి తెచ్చుకుంటాను.