చెన్నైలో వాటర్ కంపెనీలో గ్రాడ్యుయేట్ ట్రైనీగా చేరా, డీశాల్ ప్లాంట్ అడగాలా డిస్ట్రిబ్యూషన్ అడగాలా?

గూడూరు_సివిల్:
అందరికీ నమస్తే. నాది గూడూరు దగ్గర పల్లె, సివిల్ బీటెక్ అయిపోయింది. చెన్నైలో నీళ్ల ప్లాంట్లు, పంపింగ్ స్టేషన్లు కాంట్రాక్ట్ మీద నడిపే ఒక ప్రైవేట్ కంపెనీలో గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీగా చేరాను, పేరు చెప్పను, అర్థం చేసుకోండి. ఏడాది ట్రైనింగ్ అన్నారు, ట్రీట్‌మెంట్, పంపింగ్, డిస్ట్రిబ్యూషన్, మురుగు అన్నీ తిప్పి చూపిస్తాం అని ఇంటర్వ్యూలో చెప్పారు, తీరా చేరాక ఆఫీసులో కూర్చోబెట్టి సైట్ల నుంచి వచ్చే లాగ్‌షీట్లు ఎక్సెల్‌లో కొట్టమంటా ఉండారు, పొద్దున్నించి సాయంత్రం దాకా టర్బిడిటీ అంటే నీళ్లలో మడ్డి ఇంత, క్లోరిన్ ఇంత, పంపు ఇన్ని గంటలు తిరిగింది, ఇదే పని, ఆ నంబర్లు ఎక్కడ్నించి వస్తాయో నేను కంటితో చూసింది లేదు.

ఇప్పుడేమో వచ్చే నెల నుంచి సైటుకు పంపిస్తాం, ఏది కావాలో నువ్వే చెప్పు అంటున్నారు. ఒకటి సముద్రం నీళ్లని మంచినీళ్లు చేసే డీశాల్ ప్లాంట్, రెండోది సిటీలో డిస్ట్రిబ్యూషన్ అంటే లీకులు, వాల్వులు, కంప్లెయింట్లు. నాతోపాటు చేరినోళ్లందరూ డీశాలే అడిగారు, రెజ్యూమేలో బాగుంటుందని. నాకు ఏదీ తేలడం లేదు. తమిళం వింటే అర్థమవుతుంది, మాట్లాడ్డం మాత్రం అంతంతే. రెండేళ్ల బాండ్ కూడా ఉంది, మధ్యలో మానేస్తే లక్ష కట్టాలంట, టెన్త్ నుంచి బీటెక్ దాకా ఒరిజినల్స్ అన్నీ ఇవ్వమని మెయిల్ మీద మెయిల్ పెడతా ఉండారు, ఇంకా ఇవ్వలా. మా అమ్మేమో ఆ జీతానికి అంత దూరం ఎందుకు, ఇంటికొచ్చి గవర్నమెంట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్షకు చదువుకో అంటోంది. ఈ లైన్‌లో పనిచేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

కాకినాడ_కుర్రోడు:
సిస్టర్ ఉన్నమాట చెప్తా ఏమనుకోవద్దు, ట్రైనీ అంటేనే తక్కువ జీతం ఎక్కువ చాకిరీ. అమ్మగారి మాట వినండి, ఇంటికెళ్లి చదువుకోండి, నేను అదే చేశా.

పటికబెల్లం:
@కాకినాడ_కుర్రోడు మరి నోటిఫికేషన్ వచ్చిందా బాబూ?

కాకినాడ_కుర్రోడు:
ఇంకా లేదండి 😐

ఉప్పునీళ్ల_షిఫ్ట్:
నేను ఇలాంటి డీశాల్ ప్లాంట్‌లోనే షిఫ్ట్ ఇంజనీర్‌ని, కాబట్టి మా సరుకు సంగతి నేను చెప్తా. లైన్ చెడ్డదేం కాదు. చెన్నైకి మీంజూర్‌లో 2010లో, నెమ్మేలిలో 2013లో రోజుకి 10 కోట్ల లీటర్ల ప్లాంట్లు ఒక్కోటి వచ్చాయి, 2024లో నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్లది ఇంకోటి మొదలైంది, పేరూర్‌లో 40 కోట్ల లీటర్లది కడుతున్నారు. సముద్రం ఎండిపోదు కాబట్టి ఉద్యోగాలకి ఢోకా లేదు.

ట్రైనీకి పని ఏంటంటే రీడింగులు, రీడింగులు, మళ్లీ రీడింగులు. ఎస్‌డీఐ టెస్ట్ అని ఒకటుంటుంది, అది కచ్చితంగా కొత్తగా వచ్చినోళ్ల నెత్తినే పడుతుంది. 0.45 మైక్రాన్ ఫిల్టర్ పేపర్ బిగించి 30 పీఎస్‌ఐ ప్రెషర్‌లో అర లీటరు నీళ్లు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి, నీళ్లు అలా పోతూనే ఉండాలి, 15 నిమిషాలయ్యాక ఇంకో అర లీటరుకి ఎంత పట్టిందో మళ్లీ చూడాలి. రెండో టైమ్ ఎంత ఎక్కువైతే నీళ్లలో కంటికి కనపడని చెత్త అంత ఉన్నట్టు. లెక్క కడితే 5 దాటకూడదు, దాటితే ఉప్పుని వడకట్టే పొరలు, అంటే మెంబ్రేన్లు, పూడుకుపోతాయి, మా మేనేజర్ అయితే 3 దాటినప్పుడే మొహం మాడ్చుకుంటాడు. పేపర్ ఊడదీసి చూస్తే మామూలు రోజుల్లో లేత గోధుమ రంగు మరక, బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డ రోజు అదే ముదురు గోధుమ, వేలితో రుద్దితే జిడ్డు. డేట్, టైమ్ రాసి రిజిస్టర్‌లో అతికిస్తాం. రాత్రి రెండింటికి ఆ పని చేస్తుంటే ఎందుకొచ్చిన బీటెక్ రా అనిపిస్తుంది, కానీ ప్లాంట్ ఒంట్లో ఎలా ఉందో ఆ పేపర్ చూస్తే తెలిసిపోతుంది.

ఇంక అసలు విషయం. మీంజూర్ లెక్క తీసుకుంటే 23.7 కోట్ల లీటర్ల సముద్రం నీళ్లు తోడితే 10 కోట్ల లీటర్లు మంచినీళ్లు, మిగతాది ఇంకా ఉప్పుదేలి తిరిగి సముద్రంలోకే. దాన్ని మెంబ్రేన్లలోంచి తొయ్యడానికి 60 బార్‌కి అటూఇటూ ప్రెషర్ కావాలి, అందుకే మా మీటింగుల్లో నీళ్ల కంటే కరెంటు గురించే ఎక్కువ మాట్లాడతారు. ఇదంతా మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ వాళ్లకి పండగ. సివిల్ వాళ్లకి ప్లాంట్ కట్టేటప్పుడే పని, నడిచేటప్పుడు పెద్దగా ఏం ఉండదు. నువ్వు సివిల్ కాబట్టి చెప్తున్నా, రెజ్యూమేలో పేరు బాగుంటుంది, రేపు ఇంటర్వ్యూలో నువ్వు సొంతంగా ఏం చేశావమ్మా అని అడిగితే ఎస్‌డీఐ తప్ప చెప్పడానికి ఉండదు.

రాయపురం_రాధ:
చెల్లీ డిస్ట్రిబ్యూషన్ అడుగు, రెండో ఆలోచన వద్దు. నేను పుట్టింది పెరిగింది చెన్నైలోనే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఒక కాంట్రాక్టర్ దగ్గర పైప్‌లైన్ల పనిలో చాలా ఏళ్లు చేశా, ఇప్పుడు డిజైన్ ఆఫీసులో ఉన్నా. డిజైన్‌లో ఈరోజు నేను తినే తిండి అంతా ఆ వీధుల్లో నేర్చుకున్నదే.

ఒక్క కంప్లెయింట్ ఎలా నడుస్తుందో చెప్తా, నీకే అర్థమవుతుంది. ఒక వీధి నుంచి నీళ్లు వాసన వస్తున్నాయని ఫోన్. ఇక్కడ చాలా ఇళ్లలో మెయిన్ లైన్‌కి అడిపంపు అంటే చేతిపంపు పెట్టుకుంటారు కదా, లేకపోతే నేల కింద సంపులోకి దిగుతుంది. నువ్వు వెళ్లి ముందు చెయ్యాల్సింది సంపులో నీళ్లు కాకుండా లైన్‌లోంచి నేరుగా వచ్చే నీళ్లు పట్టడం, సంపు కడగక ఎన్నేళ్లయిందో ఆ దేవుడికే తెలుసు, దాంట్లోది పట్టి టెస్ట్ చేస్తే నేరం పైపు మీద పడుతుంది. తర్వాత క్లోరిన్ చూసే క్లోరోస్కోప్‌లో చుక్కలు వేసి చూడాలి, పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగే రాలేదంటే మధ్యలో ఏదో కలిసి క్లోరిన్‌ని తినేసింది. అప్పుడు పక్కింట్లో, ఆ పక్కింట్లో, ఎదురింట్లో చూసుకుంటూ పోవాలి, ఎక్కడి దాకా పసుపు వస్తోంది ఎక్కడ ఆగిపోతోంది అని. ఆ రెండిళ్ల మధ్యలో తవ్వితే పాత మురుగు కనెక్షన్ నీళ్ల పైపు పక్కనుంచో పైనుంచో పోతూ దొరుకుతుంది, చాలాసార్లు నేను చూసింది అదే. నీళ్లు రోజంతా రావు కదా, సప్లై ఆగాక పైపు ఖాళీ అవుతుంది, జనం మోటార్ వేసి లాగుతారు, ఎక్కడ చిన్న చిల్లి ఉంటే అక్కడ్నించి బయటి మురికి లోపలికి పీల్చుకుంటుంది. నువ్వు ఎక్సెల్‌లో కొడుతున్న క్లోరిన్ నంబర్ వెనకాల ఇంత కథ ఉంది. బుక్కులో నెగటివ్ ప్రెషర్ అని ఒక లైన్ చదివి వదిలేస్తాం, ఆ గుంట పక్కన నిలబడితే జన్మలో మర్చిపోం.

వాల్వ్ మ్యాన్‌తో స్నేహం చెయ్యి. మ్యాపులో లేని వాల్వులు ఆయన తలకాయలో ఉంటాయి, రోడ్డు మీద ఎన్నోసారో తారు పోసి కప్పేసిన మూత ఎక్కడుందో కాలితో తట్టి చెప్తాడు. ఇంజనీర్‌ని అనే పొగరుతో వెళ్తే ఏమీ చెప్పడు.

భాష గురించి భయపడకు. మురుగు సైడు వెళ్లినప్పుడు చూస్తావు, ఈ ఊళ్లో పారిశుద్ధ్య పని చేసేవాళ్లలో, మురుగు లైన్ల మీద పనిచేసేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో తెలుగే, తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లు. మీ యాస వినగానే దగ్గరైపోతారు. ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్తున్నా. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం, 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని కూడా చెప్పింది. మురుగు లైన్ కడిగే జెట్టింగ్ మిషన్ రావడానికి లేటవుతుంది, ఒక్క నిమిషం దిగి చూసొస్తాడు, నువ్వు ఇక్కడ సంతకం పెట్టు అని ఎవడైనా అంటే పెట్టకు. ట్రైనీవి అని నీ చేతే పెట్టించాలని చూస్తారు. ఉద్యోగం పోతే పోనీ.

ఇంకోటి, గూడూరు అని చెప్పావంటే డిపోలో అందరూ మీ వైపు కండలేరు రిజర్వాయర్ నుంచి చెన్నైకి నీళ్లు ఎప్పుడు వదుల్తారమ్మా అని నిన్నే అడుగుతారు, గేటు తాళాలు నువ్వే జేబులో వేసుకొచ్చినట్టు 😄 1983 తెలుగుగంగ ఒప్పందం, ఏడాదికి 12 టీఎంసీలు, 1996లో మొదటిసారి కృష్ణా నీళ్లు చెన్నై దగ్గర పూండి రిజర్వాయర్ చేరడం, ఇవి కాస్త చదువుకుని వెళ్లు, పరువు దక్కుతుంది.

ఆడపిల్లవి కాబట్టి ఇది కూడా, పంపింగ్ స్టేషన్లలో చాలాచోట్ల మనకి టాయిలెట్ ఉండదు, ఉన్నా తాళం ఎవరి దగ్గరుందో తెలీదు. సైట్ ఒప్పుకునే ముందే అడుగు, సిగ్గుపడొద్దు.

లేబర్_బాబాయ్:
బాండ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా అమ్మా. ఒరిజినల్స్ ఇవ్వొద్దు. వెరిఫికేషన్‌కి చూపించి అక్కడే వెనక్కి తీసుకో, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వు. ఒకసారి వాళ్ల బీరువాలోకి వెళ్లాయంటే బాండ్ కంటే పెద్ద గొలుసు అదే.

బాండ్ చెల్లదులే అని ఆన్‌లైన్‌లో చాలామంది ధైర్యం చెప్తారు, ఆ మాట నమ్ముకుని మధ్యలో వదిలెయ్యకు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. అది ప్రభుత్వ బ్యాంకు, రిక్రూట్‌మెంట్‌కి అయిన ఖర్చు చూపించింది, మీ కంపెనీ ఎక్సెల్ కొట్టించడం తప్ప ట్రైనింగే ఇవ్వకపోతే లెక్క వేరేగా ఉండొచ్చు, అందుకే ఎక్కడ ఏం నేర్పారో రోజూ ఒక డైరీలో రాసుకో.

ఇంకా ఒకటి చూడు, నువ్వు 1961 అప్రెంటిస్ చట్టం కింద రిజిస్టర్ అయ్యావా లేక ఊరికే ట్రైనీ అని పేరు పెట్టారా? చట్టం కింద అయితే స్టైపెండ్, చివర్లో తారామణిలో ఉండే అప్రెంటిస్‌షిప్ బోర్డు నుంచి సర్టిఫికెట్, పీఎఫ్ ఉండదు, ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలనే రూలూ లేదు. ఉత్త ట్రైనీవి అయితే మామూలుగా పీఎఫ్ కట్టాలి. జీతం స్లిప్పు చూస్తే తెలిసిపోతుంది.

గూడూరు_సివిల్:
అందరికీ చాలా థాంక్స్. స్లిప్పులో పీఎఫ్ కట్ అవుతోంది బాబాయ్, కాబట్టి ట్రైనీనే. రాధక్కా డిస్ట్రిబ్యూషన్‌కే ఫిక్స్ అయ్యా. కానీ ట్రీట్‌మెంట్ ప్లాంట్ అసలు చూడకుండానే ఏడాది అయిపోతే ఎట్టా? మా మేనేజర్ ఒకసారి సైటులో వేస్తే మళ్లీ కదపడంట.

ఉప్పునీళ్ల_షిఫ్ట్:
మా దగ్గరికి ఒక రోజు విజిట్‌కి రా చాలు, ఎస్‌డీఐ నీ చేతే చేయిస్తా.

పటికబెల్లం:
నేను ల్యాబ్ మనిషిని, ట్రీట్‌మెంట్ గురించి నేను చెప్తా. కదపడు అనుకోకు, డేట్లతో అడుగు. నోటితో కాదు, మెయిల్‌లో. మార్చి నుంచి జూన్ దాకా డిస్ట్రిబ్యూషన్‌లో ఉండాలి, అప్పుడే చెరువులు తగ్గి సప్లై కోత పడి కంప్లెయింట్లు పోటెత్తుతాయి, 2019 కరువులో అయితే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించారు, ఆ టైమ్‌లో పనిచేసినవాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మాత్రం చెంబరంబాక్కం లాంటి చెరువు నీళ్ల ప్లాంట్‌లో వెయ్యమను. ఈశాన్య రుతుపవనాల వానకి చెరువులోకి కొత్త నీళ్లు దిగితే రంగు మారిపోతుంది, నిన్నటి పటిక డోసు ఈరోజు పనికిరాదు.

అప్పుడు జార్ టెస్ట్ చేస్తాం. ఆరు బీకర్లలో ఒక్కో లీటరు నీళ్లు పోసి పటిక ఒకదాని కంటే ఒకదాంట్లో కొంచెం ఎక్కువ వేసి, ఒక నిమిషం జోరుగా, తర్వాత ఇరవై నిమిషాలు నిదానంగా తిప్పి, అరగంట కదపకుండా వదిలేస్తాం. తిప్పేటప్పుడే చూస్తే మూడో బీకర్‌లోనో నాలుగో బీకర్‌లోనో మడ్డి గుత్తులు గుత్తులుగా కట్టడం మొదలవుతుంది, మిగతావాటిలో ఇంకా పాలనీళ్లే. పటిక ఎక్కువేస్తే బాగా తేరుకుంటుంది అనుకుంటారు కొత్తవాళ్లు, ఆరో బీకర్ మళ్లీ మబ్బుగా ఉంటుంది చూడు. తేరిన నీళ్లకి టర్బిడిటీ మీటర్ పెట్టి ఏది తక్కువుంటే ఆ డోసు ప్లాంట్‌కి చెప్తాం. ఫిల్టర్ దాటాక టర్బిడిటీ 1 ఎన్‌టీయూ (దాని కొలత) లోపు రావాలి, తాగునీళ్ల ప్రమాణం ఐఎస్ 10500లో అదే ఉంది. ఎండాకాలంలో వస్తే ఆరు బీకర్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, ఏమీ నేర్చుకోవు. మెయిల్‌లో ఈ నెలలు రాసి, మీ మేనేజర్ పైవాళ్లని కూడా సీసీలో పెట్టు.