పాత డీజిల్ ఎస్‌యూవీ, 95,000 కిలోమీటర్లు: ఏ రిపేర్లకు డబ్బు పక్కన పెట్టుకోవాలి?

మొదటి కారు:
నమస్తే అండీ. 8 ఏళ్ల నాటి మీడియం సైజు ఎస్‌యూవీ ఒకటి చూశాను. డీజిల్, మాన్యువల్ గేరు, 95,000 తిరిగింది. నేను మూడో ఓనర్ని అవుతాను. బాడీ శుభ్రంగా ఉంది, సీట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. నడిపి చూస్తే రెండు శబ్దాలు వినిపించాయి. గతుకుల మీద ముందువైపు ‘టక్ టక్’మంటోంది. 60 దాటాక ఎక్కడో విమానం పోతున్నట్టు ‘గుంయ్’మంటోంది. అడిగితే, టైర్ల శబ్దం అంటున్నారు అమ్మేవాళ్లు. రోజూ నేను వెళ్లేది 6 కిలోమీటర్లే, వచ్చేది 6. ఈ శబ్దాలకే ఖర్చు తడిసి మోపెడవుతుందేమోనని భయంగా ఉంది.

స్టెప్నీ:
టైర్లదే కావచ్చు బ్రదర్. టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలు ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని లెక్క. నాలుగు టైర్లకూ నాలుగు రకాల అంకెలుంటే ఆ బండి చరిత్ర కొంత అక్కడే తెలిసిపోతుంది.

బిల్లుల ఫైలు:
ఇలాంటి బండే నాలుగేళ్లుగా నడుపుతున్నా. కొన్న రోజు నుంచి ప్రతి బిల్లూ ఒక ప్లాస్టిక్ ఫైల్లో దాచా. మా ఇంట్లో దానికి ‘నాన్న చేసిన తప్పులు’ అని పేరు పెట్టారు. ఇప్పుడు అది ముందు పెట్టుకునే రాస్తున్నా.

ఆ ‘టక్ టక్’కి భయపడకండి. చాలావరకు ముందు చక్రాల సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో అయి ఉంటుంది. రెండు వైపులా లింక్ రాడ్లు మార్పించా, నా ఫైల్లో అన్నిటికంటే చిన్న బిల్లు అదే.

‘గుంయ్’కి ఒక పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో పోతూ కొంచెం కుడికి వంపు తీసుకోండి. బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగి, ఎడమకి తిప్పితే తగ్గితే ఎడమవైపు వీల్ బేరింగ్ పోతున్నట్టే. నాదైతే ఒకవైపు తిప్పగానే స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయేది. టైర్ల శబ్దం అలా కాదు, రోడ్డు మారితే మారుతుంది. బేరింగుకి మధ్యరకం ఖర్చు. చక్రం బిగించే హబ్బుతో కలిపి ఒకే ముక్కగా వచ్చే బండైతే ఇంకాస్త ఎక్కువ.

నన్ను ముంచినవి చప్పుడు చేయనివి. 1,05,000 దగ్గర క్లచ్ జారడం మొదలైంది. పెద్ద గేరులో, తక్కువ స్పీడులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది, బండి మాత్రం అంతే పోతోంది. మీరూ ఇలా తొక్కి చూడండి. గేర్‌బాక్స్ దించాక మెకానిక్ పిలిచి, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్‌కీ క్లచ్‌కీ మధ్య ఉండే బరువైన చక్రం) చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు. ‘ఆడుతోంది సార్, ఇప్పుడే మార్చేద్దాం’ అన్నాడు. అది ఒక్కటే క్లచ్ సెట్టు మొత్తం కంటే ఎక్కువ ఖరీదు. నేనేమో మహా తెలివిగా ‘ప్రస్తుతానికి వద్దులే’ అన్నా. ఏడు నెలలకి, ఇంజన్ ఆపినప్పుడల్లా కింద గిన్నెలు దొర్లినట్టు చప్పుడు. మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే. రెండు బిల్లులూ పక్కపక్కనే ఉన్నాయి, రెండింట్లోనూ అదే కూలి. ఈ బండ్లకి వస్తువు ధర అడిగితే సరిపోదు, దాని దగ్గరికి చేరడానికి ఏమేం విప్పాలో అడగాలి. ఏసీ కూలింగ్ కాయిల్ కూడా అంతే. కాయిల్ ఎంతో కాదు, డాష్‌బోర్డు మొత్తం ఊడదీయడానికే పోతుంది డబ్బు.

అన్నిటికంటే ముందు టైమింగ్ బెల్ట్ (ఇంజన్లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చేసే బెల్టు) మార్చిన రసీదు అడగండి. కొన్ని ఇంజన్లకి బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, మాన్యువల్లో చూసుకోండి. బెల్టే అయితే దానికి కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, ఏది ముందొస్తే అది. తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొడతాయి, హెడ్ విప్పాలి. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్తుంది. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. వాటర్ పంపు ఆ బెల్ట్ మీదే తిరిగే ఇంజనైతే రెండూ కలిపి మార్పించండి.

పొగగొట్టం:
అందరూ శబ్దాల దగ్గరే ఆగారు. నాకైతే ఆ 6 కిలోమీటర్లే గుచ్చుకుంది. బండికి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉందా? ఆ ఫిల్టర్లో పేరుకున్న మసి కాలాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. మీ ఆఫీసు వచ్చేలోపు ఇంజన్ సరిగ్గా వేడెక్కను కూడా వేడెక్కదు. కాల్చడం మొదలై సగంలో ఆగిన ప్రతిసారీ, ఆ వేడి కోసం అదనంగా కొట్టిన డీజిల్లో కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి.

మొదటి కారు:
ఇవాళ మళ్లీ వెళ్లొచ్చా. కుడి వంపులో శబ్దం పెరిగింది, ఎడమకి తిప్పగానే ఆగింది. బెల్ట్ రసీదు లేదు, ‘పాత ఓనర్ మార్పించే ఉంటాడు’ అన్నారు. డీపీఎఫ్ ఉంది. డిప్‌స్టిక్ రెండుసార్లు తుడిచి పెట్టి చూశా, ఆయిల్ పై గీత దాటి వేలెడు పైన ఉంది. మొన్నే సర్వీస్ చేయించాం, కొంచెం ఎక్కువ పోసినట్టున్నారు అంటున్నారు.

పొగగొట్టం:
అదీ కావచ్చు. వాసన చూశారా?

మొదటి కారు:
చూశానండీ. చెయ్యి కడుక్కున్నా ఇంకా డీజిల్ వాసనే. పెట్రోల్ బండి వెతుక్కుంటా. బిల్లుల ఫైలు గారూ, దాంట్లో కూడా ఇవే చూడాలా?

బిల్లుల ఫైలు:
డీపీఎఫ్ తప్ప దాదాపు ఇవేనండీ. రసీదులు ముందు, సీట్లు తర్వాత.