‘తళుకుబెళుకు రాళ్ళు తట్టెడేల’: తళుకులో తప్పుందా, తట్టలోనా?

ప్రశ్న:

‘నిక్కమైన మంచి నీలమొక్కటి చాలు, తళుకుబెళుకు రాళ్ళు తట్టెడేల’ అన్న వేమన పద్యంలో తళుకుబెళుకు రాళ్ళంటే నకిలీ రాళ్ళనే ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాం. ఇప్పుడు ఇంతమంది ఇష్టపడి కొనుక్కుంటున్న క్రిస్టల్స్‌ని కూడా ఆ మాటతో తీసిపారేయొచ్చా? అసలు ఆ మాటలో నకిలీ అనే అర్థం ఉందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు:

లేదండీ. తళుకంటే మెరుపు, అంతే. నకిలీ అనే అర్థం పద్యమంతా చదివాక మనం తెచ్చి తగిలించింది. బెళుకు కూడా ‘పుస్తకం గిస్తకం’లో గిస్తకం లాంటిది కాదు. దానికి మెరవడంతో పాటు చలించడం అనే అర్థమూ ఉంది. కళ్ల బెళుకు అంటాం కదా. రాళ్ల పని తెలిసినవాళ్లు కూడా ఒకే రాయిలో రెండు రకాల వెలుగు చూస్తారు. లోపలికి వెళ్లిన కాంతి తిరిగి మన కంటికి రావడం ఒకటి. రాయిని కదిపినప్పుడు దాని ముఖాల మీద వెలుగునీడలు మారిపోతూ ఉండటం ఇంకొకటి. మొదటిదాన్ని తళుకనీ, రెండోదాన్ని బెళుకనీ అనుకోవచ్చని నాకనిపిస్తుంది. బాగా సానపట్టిన వజ్రంలో రెండూ నిండుగా ఉంటాయి. ఇక అది తిట్టెలా అవుతుంది?

పద్యంలో చులకనంతా ‘తట్టెడు’లో ఉంది. గుప్పెడు, దోసెడు, గంపెడు లాగే తట్టెడు. మన్ను ఎత్తిపోసే తట్ట! జాతిరాళ్లను తూచేది కేరట్లలో. ఒక కేరట్ అంటే 0.2 గ్రాములు. అలాంటిది తట్టతో కొలిచారంటేనే ఆ రాళ్ల విలువ చెప్పేసినట్టు.

నగలు జాగ్రత్త చేసేవాళ్లకి ఆ తట్టలో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. రాళ్లన్నీ ఒకేచోట కుప్ప పోయడం నగలకి చేసే పెద్ద అపకారం. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కాఠిన్య క్రమంలో వజ్రం 10, నీలం, కెంపు 9, స్ఫటికం (క్వార్ట్జ్) 7, మామూలు గాజు 5.5 దగ్గర, ముత్యం 3 దగ్గర, మేలిమి బంగారమూ అంతే. గట్టిది మెత్తదాన్ని గీసేస్తుంది. వజ్రపుటుంగరాన్నీ ముత్యాల దండనీ ఒకే డబ్బాలో పడేస్తే నష్టపోయేది ముత్యాలే. రెండు వజ్రాలు ఒరుసుకుంటే ఒకదాన్నొకటి గీసుకుంటాయి కూడా. ఒక్కో నగకి ఒక్కో మెత్తటి గుడ్డసంచీ ఉండాలనేది అందుకే. దుమ్ములో స్ఫటికపు రేణువులు ఉంటాయి కాబట్టి పొడిగుడ్డతో గట్టిగా రుద్దడమూ మంచిది కాదు. టూత్‌పేస్ట్ సంగతి సరేసరి, అది రాపిడి పొడే.

ప్రశ్న అడిగినవారు:

బాగుందండీ. కానీ క్రిస్టల్ అంటే స్ఫటికమే కదా? అలాగైతే అదీ నిక్కమైన రాయేగా?

జవాబు:

స్ఫటికం నిక్కమైన రాయే. అయితే నగల మీద క్రిస్టల్ పేరుతో మెరిసేది చాలావరకు గాజు. స్ఫటికంలో అణువులు వరస తప్పకుండా అమరి ఉంటాయి, గాజులో ఆ వరస ఉండదు. 1674లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ ఇంగ్లండులో సీసం కలిపిన గాజుకి పేటెంట్ తీసుకున్నాడు. సీసం కలిస్తే గాజు కాంతిని ఎక్కువగా వంచుతుంది, దాంతో తళుకు పెరుగుతుంది. చూడటానికి స్ఫటికంలా ఉంటుందనే అలాంటి గాజుకి క్రిస్టల్ పేరు నిలిచిపోయింది. 1956లో ఆస్ట్రియాకి చెందిన క్రిస్టల్ కంపెనీ స్వరోవ్‌స్కీ వాళ్లు రాయి మీద సన్నటి లోహపు పూత వేసి, ఇంద్రధనుస్సు రంగులు పలికే అరోరా బోరియాలిస్ రకాన్ని తెచ్చారు. ఇప్పుడు ఫోన్ కవర్ల మీద, గోళ్ల మీద, బట్టల మీద అంటించుకునే రాళ్లలో చాలావాటికి ఇలా పైన పూతో, వెనక వెండిరంగు రేకో ఉంటుంది.

వీటిని కడిగేటప్పుడే చాలామంది పొరబడతారు. వజ్రపుటుంగరాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లలో కాసేపు ఉంచి మెత్తటి బ్రష్‌తో తోమొచ్చు. వజ్రానికి జిడ్డు ఇట్టే పట్టుకుంటుంది కాబట్టి అలా తోమడం అవసరం కూడా. వెనక రేకున్న రాయిని మాత్రం నీళ్లలో నానబెట్టకూడదు. తడి చేరితే రేకు నల్లబడుతుంది, జిగురు వదులుతుంది. ముత్యాన్ని సబ్బుకీ, సెంటుకీ దూరంగా ఉంచాలి. తయారయ్యాక చివర్న వేసుకుని, రాగానే ముందు తీసేసి, కాస్త తడిపిన గుడ్డతో తుడిచి పెట్టుకోవాలి. పచ్చల్లో చాలావాటికి పగుళ్లు కనపడకుండా నూనె పట్టిస్తారు కాబట్టి వాటిని ధ్వని తరంగాలతో నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్లో వెయ్యకూడదు.

ఇంట్లో అలంకరణకి స్ఫటికపు గుత్తులు, సానపట్టని పెద్ద రాళ్లు, లోహపు పూతతో రంగులీనే ఆరా క్వార్ట్జ్ పెట్టుకోవడం బాగా పెరిగింది. నాకూ అవంటే చాలా ఇష్టం. వీటిలో తళుకు తక్కువ, రూపం ఎక్కువ. ఊదారంగు అమెథిస్ట్‌ని నెలల తరబడి ఎండ పడే కిటికీలో ఉంచితే రంగు వెలిసిపోతుంది. జిప్సం జాతికి చెందిన సెలినైట్ గోటితో గీసినా గీత పడేంత మెత్తన, నీళ్లు తగిలితే కొద్దికొద్దిగా కరుగుతుంది కూడా. గుండ్రటి స్ఫటికపు బంతిని అసలు ఎండలో పెట్టకండి. భూతద్దంలాగే అది ఎండని ఒకచోటికి చేర్చి పక్కనున్న గుడ్డకో కాగితానికో నిప్పంటించగలదు.

మరొకరు:

నాదొక సందేహం. ల్యాబ్‌లో పెంచిన నీలాన్ని నిక్కమైన నీలమంటారా, తళుకుబెళుకు రాయంటారా?

జవాబు:

మంచి ప్రశ్న. నీలమంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో కొద్దిగా ఇనుము, టైటానియం చేరితే ఆ రంగు వస్తుంది. ఫ్రాన్సులో ఆగస్ట్ వెర్నూయి మంటలో పొడిని కరిగించి కెంపుని తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. తర్వాత అదే పద్ధతిలో నీలమూ వచ్చింది. ల్యాబ్ నీలంలోనూ అదే పదార్థం, అదే కాఠిన్యం. నీలిరంగు గాజు అలా కాదు, అది పదార్థంలోనే వేరు. కాబట్టి ల్యాబ్ నీలాన్ని గాజురాయితో కలిపి ఒకే తట్టలో వెయ్యలేం. అయితే నిక్కమంటే నిజం కదా, కొనేవారికి అది ఎక్కడ పుట్టిందో దాచకుండా చెప్పినప్పుడే ఆ మాట చెల్లుతుందని నా ఉద్దేశం. జాగ్రత్తల విషయంలో మాత్రం గనిలో దొరికిన నీలానికీ, ల్యాబ్ నీలానికీ తేడా లేదు. పగుళ్లు లేని నీలమైతే ఏదైనా సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ సరిపోతాయి. పెట్టేటప్పుడు వజ్రానికి దూరంగా పెట్టండి. రాయిని పట్టి ఉంచే కొక్కేలు వదులయ్యాయేమో అప్పుడప్పుడు చూపించుకోండి.